మెంబరుగారు తాగిన నీళ్లు

మా తమ్ముడు ఏబేలు చచ్చిపోయిన డెబ్బై రోజులకు మెంబరు రంగనాయకులుగారి వేసవి విన్నపం మా పాలేనికి వచ్చింది. నాలుగు పేజీల అచ్చుకాగితం. ఎండలు ముదిరి మదరాసులో శాసనసభ మూతపడగానే ఆయన బేస్తవారిపేట పక్కనున్న మా ఊరికి వచ్చేవాడు. ప్రజల కోసం సభలో తాను ఏమేం సాధించాడో అచ్చువేయించి, పందిరి కింద జనాన్ని కూర్చోబెట్టి చదివించేవాడు. గెలిచినప్పటి నుంచీ పెట్టుకున్న అలవాటు అది. నేను చెప్పేది ముప్పై ఎనిమిదో సంవత్సరం మే నెల సంగతి.

కాగితం తెచ్చింది ఆయన గుమాస్తా బ్రహ్మం. నేను పాలెంలో మిషను బడి పంతులమ్మను. బడి వసారా కిందికి కూడా రాకుండా ఎండలోనే నిలబడి అన్నాడు.

"రేపు సభలో ఇది నువ్వే చదవాలంట టీచరమ్మా. మదరాసు నుంచి పత్రికాయన వస్తాండాడు. పాలెం ఆడపిల్ల చదువుతా ఉంటే ఆయన చూడాలని అయ్యగారి కోరిక."

"ఊరి పందిట్లో నేనా?"

"పందిట్లో కాదు. పందిరి బయట నిలబడి చదువు. ఇంకోమాట. ఏడో పేరా చదవబాక. పెన్సిలుతో గీత కొట్టినా, చూడు. అది మదరాసోళ్ల కోసం వేసింది. ఊళ్లో వినబడగూడదు."

ఆయన పోయాక మొదట చదివింది ఏడోదే. వద్దన్నది చదవకుండా ఉండేంత మంచిదాన్ని నేను ఎప్పుడూ కాను. అందులో ఇలా ఉంది: "మా గ్రామ క్రైస్తవ పాలెమునందు మంచినీటి బావి త్రవ్వించి, అందలి నీటిని పాలెము వారి చేతి మీదుగా ప్రథమమున నేనే స్వయముగా త్రాగితిని."

బావి అని ఆయన రాసింది పాలెం చివర నడుములోతు గుంట. ఎన్నికల ముందు మాటిచ్చాడు, గెలిచాక నలుగురు కూలీలతో నాలుగు రోజులు తవ్వించాడు, రాయి తగలగానే మాన్పించాడు. అందులో మేకపిల్లలు పడుకునేవి. పాలెంలో ఓటు హక్కున్నది చదువు వచ్చిన మా ఇద్దరికే, నాకూ ఉపదేశి సామ్యేలుకూ. ఆ బావి మాట నమ్మి ఇద్దరమూ ఆయనకే వేశాం. మేం తాగేది మాత్రం ఎప్పటిలాగే వాగు పక్కనున్న దిగుడుబావి నీళ్లు. మెట్లు దిగి, మోకాలిలోతు నీళ్లలో నిలబడి ముంచుకోవాలి. ఆ నీళ్లలోనే నారిపురుగు ఉండేది.

నారికురుపు ఎరగని వాళ్లకు చెప్తాను. నీళ్లతో పాటు ఒంట్లోకి పోయిన పురుగు ఏడాది పాటు లోపలే పెరుగుతుంది. మరుసటి ఎండాకాలానికి కాలి మీద నిప్పులాంటి పొక్కు లేస్తుంది. పొక్కు పగిలితే తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెడుతుంది. రెండు మూరలు ఉంటుంది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి రోజుకు రెండంగుళాల చొప్పున లాగాలి. తొందరపడి గుంజితే తెగుతుంది. తెగితే మిగిలిన ముక్క లోపల కుళ్లి మనిషిని తీసుకుపోతుంది. మా అమ్మ మగ్దలీనమ్మ చెయ్యి ఈ పనికి పేరుపడ్డ చెయ్యి. చుట్టుపక్కల పది పాలేల నుంచి కుంటుకుంటూ ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు.

ఏబేలుకు చీలమండ దగ్గర పడింది. వాడు మెంబరుగారి ఇంట్లో పాలేరు. అమ్మ తొమ్మిది రోజులు చుట్టింది, పురుగు సగం వచ్చింది. పదో రోజు మెంబరుగారు మదరాసు సభకు బయల్దేరాడు. బండి ఇరుసు విరిగింది. కంభం స్టేషను దాకా పెట్టెలు మొయ్యడానికి ఏబేలును రమ్మన్నాడు. నేను ఆయన అరుగు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"కాలికి పుల్ల ఉండాది అయ్యగారూ. అంత దూరం నడిస్తే పురుగు తెగుతాది. ఇంకొకరిని పంపిస్తాము."

ఆయన తమలపాకుకు సున్నం రాస్తూ నా వైపు చూడకుండానే అన్నాడు.

"మోసేది నెత్తితో గదా, కాలికేంది?"

పక్కనున్న వాళ్లు నవ్వారు. నా తమ్ముడు కూడా నవ్వాడు, యజమాని హాస్యమాడితే నవ్వాలి కదా. రైలు అందింది. పురుగు తెగింది. పదిహేడో రోజున మేం వాణ్ణి పూడ్చిపెట్టాం. వాడి వయసు పందొమ్మిది. మెంబరుగారు మదరాసు నుంచి రాయించిన జాబులో వాడి బదులు పనికి ఎవరొస్తున్నారని ఒక ముక్క ఉంది.

సమాధి దగ్గర సామ్యేలు నన్ను పక్కకు పిలిచాడు. నా ముఖంలో ఏం కనబడిందో.

"పగ సంగతి దేవుడికి వదిలెయ్యి, మణీ. ఆయన చూసుకుంటాడు."

దేవుడికి చాలా పనులుంటాయి. కొంచెం సాయం చేస్తే తప్పేమిటని అప్పుడే అనుకున్నాను. కాకపోతే ఎలాగన్నది తెలియలేదు. ఏబేలు పోయిన వారానికి కంభం నుంచి మిషను డాక్టరమ్మ వచ్చింది. మా దిగుడుబావి నీళ్లు గాజుగ్లాసులో పోసి ఎండకు ఎత్తి చూపించింది. దుమ్ముకంటే చిన్న తెల్లచుక్కలు గెంతుతున్నాయి. పురుగు వాటి కడుపులోనే ఉంటుందట. నాలుగు మడతల చీరగుడ్డలోంచి వడగట్టి తాగితే చాలట. అంతే, ఒక చీరపేలిక. ఆ రోజు నుంచీ నా బుర్రలో తిరిగింది ఆ చీరపేలికే.

మర్నాడు సాయంత్రం చల్లబడుతుండగా సభ మొదలైంది. పందిరి కింద ఊరి పెద్దలు, ముందు కుర్చీలో మెంబరుగారు, పక్క కుర్చీలో మదరాసు పత్రికాయన. తెల్లటి గడ్డం, కళ్లజోడు. మంచి మనిషిలాగే ఉన్నాడు, చెమటలు తుడుచుకుంటూ అందరినీ చూసి నవ్వుతున్నాడు. ఎదురుగా మెంబరుగారి మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా ఆయనే, లక్ష్మీనరసయ్యగారు. ఊళ్లో ఆచారం తప్పినవాడికి నిప్పూ నీళ్లూ లేకుండా చేసే పెద్దమనిషి ఆయనే. నేను పందిరి గుంజకు రెండు గజాల అవతల నిలబడ్డాను.

మొదటి ఆరూ గడగడా చదివేశాను. అడవిలో పశువుల మేతకు కట్టే పుల్లరి గురించి సభలో అడిగిన ప్రశ్న, గిద్దలూరు రోడ్డు, మార్కాపురం పలకల గనుల్లో కూలీల నీడకు పాకలు, ఇంకా ఏవేవో. జనం ఆవలిస్తున్నారు. ఏడోది దగ్గర ఒక్క క్షణం ఆగాను. బ్రహ్మం నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. నేను గొంతు సవరించుకుని, బడిలో పిల్లలకు పాఠం చెప్పినట్టు ఒక్కొక్క మాటా విడదీసి చదివాను. త్రాగితిని అన్న మాట రెండుసార్లు చదివాను, వెనకవాళ్లకు వినబడదేమో అన్నట్టు.

పత్రికాయన చప్పట్లు కొట్టాడు. ఆయన ఒక్కడే కొట్టాడు.

"ఇది కదండీ అసలు వార్త. నేను మొదట రాసేది దీని గురించే," అన్నాడు మెంబరుగారి చెయ్యి పట్టుకుని.

లక్ష్మీనరసయ్యగారు కుర్చీలో ముందుకు వంగాడు.

"ఏరా రంగా, ఆ పిల్ల చదివింది కాగితంలో ఉండేదేనా?"

"ఉండాది మామా."

"అయితే పాలెంలో నీళ్లు తాగినావా?"

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. పాపం మెంబరుగారికి నుయ్యి లేదు, ఉన్నది గొయ్యి ఒక్కటే. తాగలేదంటే మదరాసు ఆయన ముందు అబద్ధాలకోరు. తాగానంటే మామ ముందు భ్రష్టుడు. నన్ను ఒక చూపు చూశాడు. ఆ చూపు కోసం డెబ్బై రోజులు కాచుకున్నాను, హాయిగా తిరిగి చూశాను. మదరాసులో ఏదో పెద్ద పదవి ఆయన కోసం ఎదురుచూస్తోందని బ్రహ్మం అందరికీ చెప్పుకునేవాడు. ఆ పదవే గెలిచింది.

"తాగినాను మామా. కాలం మారింది," అన్నాడు.

లక్ష్మీనరసయ్యగారు కండువా దులుపుకుని లేచి వెళ్లిపోయాడు. ఆయన వెనక ఇంకో పదిమంది లేచారు. పత్రికాయనకు ఇదేమీ పట్టలేదు.

"ఆ బావి చూడాలని ఉందండీ. పొద్దుంది కదా, పోయొద్దాం. నేనూ తాగుతాను," అన్నాడు.

మెంబరుగారి ముఖం తేలు కుట్టిన దొంగ ముఖమైపోయింది. కాదనడానికి వీల్లేదు. నలుగురం నడిచాం, నేను ముందు, వాళ్లిద్దరూ వెనక, బ్రహ్మం ఆ వెనక. దారి పొడుగునా నా ఆలోచన ఒక్కటే. గుంట చూపిస్తే ఏమవుతుంది? పత్రికాయన ముక్కు విరుస్తాడు. మెంబరుగారికి నాలుగు రోజులు నామోషీ, తర్వాత అందరూ మరిచిపోతారు. నా తమ్ముడి ప్రాణానికి నాలుగు రోజుల నామోషీ. అది నాకు చాలదనిపించింది.

మా ఇంటి ముందుకు రాగానే ఆగాను.

"బావి ఇంకా దూరముందండీ. పెద్దవారు, ఇప్పటికే అలసిపోయినారు. మా పంచలో కూర్చోండి, ఆ నీళ్లే ఇంట్లో ఉండాయి, తెచ్చిస్తాను," అన్నాను పత్రికాయనతో.

ఆయన సంతోషంగా మా అరుగు మీద కూలబడ్డాడు. మెంబరుగారు నన్ను దేవతను చూసినట్టు చూశాడు.

అమ్మ కట్టెలకు పోయింది. ఇంట్లో రెండు కుండలు. ఒకటి దిగుడుబావి నీళ్లు తెచ్చింది తెచ్చినట్టు పోసేది. రెండోది, గుడ్డలోంచి వడగట్టి తాగడానికి పెట్టుకునేది. పత్రికాయనకు రెండో కుండలోంచి ఇత్తడి చెంబుతో ముంచాను. ఆయనతో నాకు పగ లేదు. మెంబరుగారికి సత్తు చెంబుతో మొదటి కుండలోంచి, అడుగు నుంచి ముంచాను. ఒక్క చెంబుతో సరిపెట్టలేదు. రెండుసార్లు ముంచి, రెండుసార్లూ వాకిలి దగ్గర వెలుతురుకు వంచి చూశాను. రెండోసారి బాగా గెంతుతున్నాయి. అది తీసుకుపోయి రెండు చేతులతో ఇచ్చాను.

ఉక్కలో నడిచిన మనిషి, పైగా భయపడ్డ మనిషి. గటగటా తాగాడు.

"తియ్యగా ఉండాయి," అన్నాడు పత్రికాయనకు వినబడేలా.

"ఇంకొంచెం తెమ్మంటారా?"

"తే."

తెచ్చాను. ఆయన గొంతు ముడి కిందికీ పైకీ ఆడుతుంటే చూస్తూ నిలబడ్డాను. నా ఒళ్లంతా చల్లబడింది. అబద్ధమెందుకు, ఏబేలు పోయాక నాకు ఆకలేసింది ఆ రోజే. ఆ రాత్రి కడుపునిండా జొన్నసంగటి తిన్నాను.

వెళ్లేటప్పుడు మెంబరుగారు వెనకబడి, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు.

"మొదట తిక్కపిల్లవనుకున్నా. తెలివైనదానివే. నీ మేలు మరిచిపోనులే."

"మీరు మరిచిపోరని నాకు తెలుసండీ," అన్నాను.

పత్రికాయన మర్నాడే రైలెక్కాడు. ఆయన రైలు కంభం దాటకముందే లక్ష్మీనరసయ్యగారు అల్లుడిని పెరట్లో పీట మీద కూర్చోబెట్టి, ఆవు పంచితం తాగించి, నాలుక మీద బంగారపు పుల్ల కాల్చి అంటించి శుద్ధి చేయించాడు. కొత్త బట్టలు పెట్టి కులానికంతా భోజనాలు. పాలెం నీళ్ల మైల పోయిందన్నారు. మా పుల్లమ్మత్త పొరుగున కూర్చుని ఆ ముచ్చట చెప్తుంటే అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. లోపలికి పోయింది పోయింది. ఇక నా పని రోజులు గడపడమే.

వానలు వచ్చాయి, జొన్నలు కోశారు, క్రిస్‌మస్ వచ్చింది. ఎవరికీ చెప్పలేదు, అమ్మకు కూడా. ప్రార్థనలో మాత్రం ఒకే మాట అడిగేదాన్ని, అడగకూడనిదని తెలిసే. ఫిబ్రవరిలో ఏమీ లేదు. మార్చిలోనూ ఏమీ లేదు. చుక్కలన్నింటిలో పురుగు ఉండదని డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తొచ్చి కుమిలిపోయాను.

ఏప్రిల్ చివర జట్కా కాలేషా మామ బడి ముందు బండి ఆపాడు.

"మీ అమ్మ ఉందా బేటీ? మెంబరు సాబ్ వాళ్ల అమ్మ తోలించింది. సాబ్ కాలు ఇంత లావు వాచింది. మదరాసు డాక్టర్లకు అది ఏందో అర్థమే కాలేదంట, కోస్తామన్నారంట. భయపడి రైలెక్కి వచ్చేసినాడు."

పిల్లలు ఎక్కాలు ఆపి నన్నే చూస్తున్నారు. ఆ రోజు వాళ్లకు పెందలాడే సెలవిచ్చాను.

ఆ ఏటి వేసవి విన్నపం అచ్చయి వచ్చింది కానీ చదవలేదు. మెంబరుగారు గొడ్లచావడిలో నులకమంచం మీద పడి ఉన్నాడు. మా అమ్మను ఇంట్లోకి రానివ్వలేరు కాబట్టి ఆయన్నే చావడిలోకి మార్చారు. చీలమండకు కొంచెం పైన పొక్కు. అమ్మ రోజూ పొద్దున పోయి, గోరువెచ్చటి నీళ్లు పోసి, ఆ కాలు తన ఒళ్లో పెట్టుకుని చుట్టేది. లక్ష్మీనరసయ్యగారు దగ్గరుండి, మెల్లగా మగ్దలీనా, మెల్లగా, అనేవాడట. ఊరంతా వినబడేలా అరిచేవాడు మెంబరుగారు. నేను కావాలని ఆ వీధి మీదుగా నడిచేదాన్ని. ఒకరోజు రెండుసార్లు నడిచాను.

పదో రోజుకు సగం వచ్చిందని అమ్మ చెప్పింది. ఏబేలుకు తెగింది కూడా సగం దగ్గరే. ఆ సాయంత్రం అమ్మ పంచలో కూర్చుని కాళ్లు చాపుకుంది. నేను చెంబుతో నీళ్లు తెచ్చిచ్చి పక్కన కూర్చున్నాను. ఇక ఆపుకోలేకపోయాను.

"రేపు తెంపు అమ్మా."

అమ్మ చెంబు చేతిలో పట్టుకుని నన్ను చూసింది.

"ఏంది?"

"ఒక్క గుంజు గుంజితే చాలు. నీ మీద మాట రాదు. తెగేది తెగుతాదని అందరికీ తెలుసు. ఏబేలును నడిపించిందెవురు? ఆ కాలు ఒళ్లో పెట్టుకోవడానికి నీకు చేతులెట్ల వస్తాండాయి?"

"నా చేతి కింద తెగింది ఒక్కటే, నా కొడుకుది. రెండోది తెగనియ్యను."

"వాడు శత్రువు."

"పుల్ల పట్టుకున్నాక నాకు కాలే కనపడతాది మణీ. మనిషి కనపడడు."

అమ్మ చెంబు ఎత్తబోయి ఆగింది.

"ఆ పొద్దు మన ఇంట్లో ఇద్దరు తాగినారు గదా," అంది.

"ఆ."

"ఆ మదరాసాయన కాలు ఎట్లుండాదో."

నేను అబద్ధం చెప్పగలిగేదాన్ని. చెప్పాలనిపించలేదు. నిజానికి ఎవరికో ఒకరికి చెప్పుకోవాలని ఏడాదిగా నోరు దురదపెడుతోంది.

"బాగుంటాది. ఆయనకు గుడ్డ వేసిన నీళ్లు ఇచ్చినాను."

అమ్మ ఏడవలేదు, తిట్టలేదు. చెంబు కింద పెట్టింది. లేచి కొంగు దులుపుకుని లోపలికి పోయి, కుండలోంచి తానే ముంచుకుని తాగింది.

ఇంకో పదకొండు రోజులకు పురుగు మొత్తంగా, తెగకుండా వచ్చింది. మెంబరుగారు కర్ర పట్టుకుని లేచాడు, తర్వాత కర్ర కూడా వదిలేశాడు. అడుగు వేసినప్పుడు ఎడమవైపు కొంచెం ఒరిగేవాడు, అంతవరకే నాకు దక్కింది. మళ్లీ గెలిచాడు కూడా. బావి నలభై ఆరు దాకా పడలేదు.

నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. ఆ చెంబు మళ్లీ నా చేతికిస్తే మళ్లీ అడుగు నుంచే ముంచుతాను. అమ్మతో కూడా ఈ మాటే అన్నాను, ఒకసారి కాదు. ఆమె వినేది, పిండి విసురుకునేది. నేను వండితే తినేది, జబ్బు చేస్తే నా ఒళ్లో తల పెట్టుకునేది, రాత్రి ప్రార్థనలో ఏబేలు పేరు తర్వాత నా పేరు చెప్పేది. నా చేతి నీళ్లు మాత్రం ముట్టలేదు. ఆ తర్వాత పదకొండేళ్లు బతికింది. ఆఖరి రోజున నాలుక పిడచకట్టుకుపోయి నీళ్లు నీళ్లు అంటుంటే, కొత్తబావి నీళ్లు, ఆమె కళ్లముందే నాలుగు మడతలు వేసి వడగట్టి, పెదాల దగ్గర పెట్టాను. మొహం గోడవైపు తిప్పుకుంది. పుల్లమ్మత్తను పిలిచాను. ఆమె వచ్చి, నా చేతిలో గ్లాసు పారబోసి, తానే ముంచి పోస్తే, అప్పుడు తాగింది.